పుట్ట ఒకరిది, కాపురం ఒకరిది

పల్లెటూళ్లో ఇల్లంటే నాలుగు గోడలూ, ఒక వంటగదీ, ముందు అరుగూ, వెనక పెరడూ అనుకుంటాం. కానీ ఇల్లు అక్కడితో అయిపోదు. దాని కింద ఇంకో ఊరుంటుంది. ఆ ఊరికి వీధులుంటాయి, సందులుంటాయి, ధాన్యం కొట్లుంటాయి, పురుటిగదులుంటాయి. పగలు మనం తిరుగుతాం, రాత్రి వాళ్లు తిరుగుతారు. ఇంటి కాగితాల్లో వాళ్ల పేర్లుండవు గానీ, చాలాచోట్ల మనకన్నా ముందునుంచీ ఉన్నది వాళ్లే.

ఎలుకలు, పందికొక్కులు, ముంగిసలు, ఉడుములు, ఎండ్రకాయలు, చెదపురుగులు, తేళ్లు, పాములు... వీటిలో కొన్ని తమ ఇల్లు తామే తవ్వుకుంటాయి. కొన్ని ఇంకొకరు తవ్విన ఇంట్లో చేరతాయి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం పోకూడదు లెండి. మనల్నీ, మన పిల్లల్నీ కాపాడేది ఆ సగమే!

నేను కాకినాడలో పుట్టి, అక్కడే డిగ్రీ చదివి, కోనసీమలో గౌతమి గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక పల్లెకి కోడలిగా వచ్చాను. పుట్టింట్లో నాకు తెలిసిన జీవాలల్లా బల్లులూ, బొద్దింకలే. ఇక్కడికొచ్చిన కొత్తలో రాత్రిపూట వసారాలో పడుకుంటే నేల కింద నుంచి గరగరమని చప్పుడు వినిపించేది. "ఏమిటత్తయ్యా అది?" అంటే, "పందికొక్కులే అమ్మా, పడుకో" అనేవారు మా అత్తగారు, పక్కింటి పిల్లలు అల్లరి చేస్తున్నారన్నంత తేలిగ్గా. ఇన్నేళ్లలో నేనూ అలవాటు పడ్డాను. అలవాటు పడ్డానంటే వదిలేశానని కాదు. ఎవరు ఎక్కడ ఉంటున్నారో, ఎందుకు ఉంటున్నారో తెలుసుకున్నాను.

ఇంగ్లీషుకి మనమిచ్చిన మాట

ముందు పందికొక్కు సంగతి చెప్పాలి. పందిలా గుర్రుమంటుంది కనకే దానికా పేరు. ఇంగ్లీషువాళ్లు 'బాండికూట్' అనేది మన తెలుగు పందికొక్కునే. ఆ మాట ఓడలెక్కి ఆస్ట్రేలియా దాకా పోయి, అక్కడ కడుపుకి సంచి ఉండే ఇంకేదో జంతువుకి కూడా పేరైపోయింది. గొప్పగా చెప్పుకోవడానికి బాగానే ఉంది గానీ, అది కొట్లో దూరితే మాత్రం మన గొప్ప ఇంకేం మిగలదు.

పెద్దరకం పందికొక్కు కిలో దాకా తూగుతుంది. చిన్నరకం పావుకిలో ఉన్నా, నష్టంలో పెద్దదానికేం తీసిపోదు. వరి పండే ప్రతి ఊళ్లోనూ ఇదే పెద్ద దొంగ. తినేది కొంత, కొరికి పారేసేది కొంత, బొరియలోకి లాక్కుపోయి దాచేది ఇంకొంత. ఎలుక జాతి మొత్తానికి ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. అందుకే తిండి కాకపోయినా సబ్బు, చెక్క, కరెంటు తీగ... ఏది దొరికితే అది కొరుకుతుంది. దానికి కోపమో, మనమీద పగో అనుకుంటాం. పాపం, దాని అవస్థ దానిది!

ఇవి పిల్లల్ని మోసేది మూడు వారాలు, మూడున్నర వారాలే. ఒక్కో ఈతకి అరడజను పైనే. తిండి దొరికినంత కాలం ఏడాదిలో చాలాసార్లు ఈనుతాయి. తిండి తగ్గితే ఈత తగ్గుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో పనుంది.

అసలు మేస్త్రీలు చెదపురుగులు

ఇక పుట్ట. చీమలు కట్టుకున్న ఇంట్లో పాము చేరిందని మన పెద్దలు సామెతగా చెబుతుంటారు. నిజానికి కట్టేది చీమలు కాదు, చెదపురుగులు. మట్టినీ, తమ ఉమ్మినీ కలిపి, కణం కణం పేర్చి, సిమెంటు లేకుండానే ఎండకీ వానకీ నిలిచే మేడ కడతాయి. లోపల గాలి ఆడే దారులుంటాయి. రాణి గది వేరు, పిల్లల గదులు వేరు. రాణి రోజుకి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది.

అన్నిటికన్నా చిత్రమేమిటంటే, వీటికి వ్యవసాయం కూడా వచ్చు! ఎండుటాకులూ, పుల్లలూ నమిలి తెచ్చి, లోపల గదుల్లో ఒకరకం బూజుని పెంచుతాయి. ఆ బూజు సాయంతోనే పుల్లనీ ఆకునీ అరిగించుకుని బతుకుతాయి. తొలకరి వానలు పడ్డాక ఆ బూజే మట్టిని చీల్చుకుని గొడుగులా పైకొస్తుంది. మనం కూర వండుకునే పుట్టగొడుగు అదే. పుట్ట మీద లేచిన గొడుగు కనక పుట్టగొడుగు! ఆ పేరు పెట్టినవాళ్లు పుట్టని ఎంత దగ్గరగా చూసి ఉంటారో కదూ! (అయితే పుట్ట మీద మొలిచిందల్లా తినేది కాదు. గుర్తుపట్టే పెద్దవాళ్లు చూసి సరేనంటేనే కోయాలి.)

ఇంత కష్టపడి కట్టిన పుట్టలో కొంత భాగం పాతబడి వదిలేస్తే అందులో వేరేవాళ్లు చేరతారు. ఎలుక చేరుతుంది. ఎలుక వెనకే పాము చేరుతుంది. ఉడుము ఆ గట్టిమట్టిని గోళ్లతో తవ్వి గుడ్లు పెట్టుకుంటుంది. పాముకి కాళ్లూ లేవు, గోళ్లూ లేవు. మన చుట్టూ తిరిగే తాచుపాము, కట్లపాము, రక్తపింజర, జెర్రిపోతు... వీటిలో ఏ ఒక్కటీ తన బొరియ తాను తవ్వుకోలేదు. అద్దెకుండే మనిషిలాగా, ఖాళీ ఇల్లు చూసుకుని దిగుతుంది. అద్దె మాత్రం కట్టదు. ఇంటివాణ్ణే తినేస్తుంది!

మా ఇంట్లో పెద్ద తగువు

మా దొడ్లో పడమటి మూల ఒక పుట్ట ఉంది. నా భుజాల దాకా వస్తుంది. మూడు తరాలుగా నాగులచవితికి మా ఇంటి ఆడవాళ్లు పాలు పోసేది అక్కడే. 2021 వేసవిలో కోళ్లగూడు పక్కన తాచుపాము కుబుసం కనిపించింది. మా చిన్నమ్మాయికి అప్పటికి అయిదేళ్లు. రోజంతా దొడ్లోనే దాని ఆట.

మావారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే, "పిల్లలు తిరిగే చోట తాచుపాము కాపురముంటే చూస్తూ ఊరుకోవాలా? పొక్లెయిన్ని పిలిపిస్తాను. గంట పని" అన్నారు.

మా అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఆ పుట్ట మీద పలుగు పడితే నేనీ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను. తరవాత నీ ఇష్టం."

ఇద్దరి మధ్యా నేను. ఆయనది తండ్రి భయం, ఆవిడది తరాల నమ్మకం. పైకి ఎంత గట్టిగా వాదించుకున్నా ఇద్దరూ కోరేది ఒకటే, పిల్లలు చల్లగా ఉండాలని. నాకూ భయంగానే ఉంది. కన్నకూతురి విషయంలో నమ్మకం చాలదు, ధైర్యమూ చాలదు. ఏది నిజమో తెలియాలి.

మా దొడ్లో పశువులని చూసుకునే పెద్దాయనని అడిగాను. ఆయన తుండుగుడ్డ దులుపుకుంటూ, "అమ్మగారూ, ఇల్లు పడగొడితే అందులోవోళ్లు ఎక్కడికెళ్తారండీ? పక్కింటికే కదండీ! ఆ పక్కిల్లు మందేనండి మరి" అన్నాడు.

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మా వదిన వరసావిడకి ఫోన్ చేశాను. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "పుట్టలో పాముందా లేదా తరవాత చూద్దాం. మీ దొడ్లో ఎలుకలెన్ని ఉన్నాయో ముందు అది చెప్పు."

"ఎలుకల్ని ఎలా లెక్కపెడతాం వదినా?"

"ఎలుకల్ని కాదు, బొరియల్ని లెక్కపెట్టు" అని ఒక ఉపాయం చెప్పింది. రైతులకి పొలంలో చెప్పేదే అది. సాయంత్రం కనిపించిన ప్రతి బొరియనీ మట్టితో మూసెయ్యాలి. తెల్లారి చూస్తే ఎలుకలున్న బొరియలు మాత్రం మళ్లీ తెరుచుకుని ఉంటాయి. మిగతావి ఖాళీ ఇళ్లన్నమాట. బొరియ దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు, పొడుగు కర్ర పారతోనే మట్టి వెయ్యాలి. కాళ్లకి బూట్లుండాలి.

ఆ సాయంత్రం మావారూ, ఆ పెద్దాయనా కలిసి 34 బొరియలు మూశారు. పొద్దున్న చూస్తే 19 తెరుచుకున్నాయి. నేను నోటుబుక్కులో దొడ్డి బొమ్మ గీసి, ఒక్కోదానికీ ఒక్కో చుక్క పెట్టాను. ధాన్యం కొట్టు గోడ వెంబడి ఆరు, గడ్డిమేటు కింద నాలుగు, కోళ్లగూడు చుట్టూ నాలుగు, పెంటదిబ్బ దగ్గర మూడు, కొబ్బరి డొక్కల గుట్ట కింద రెండు. పుట్ట దగ్గర ఒక్కటి కూడా లేదు!

ఆ కాగితం చూశాక మా ఇంట్లో తగువు తీరిపోయింది. పాము మా దొడ్లోకొస్తున్నది పుట్ట కోసం కాదు, ఎలుక కోసం. ఎలుక వస్తున్నది మేం పారబోసిన గింజ కోసం. పుట్ట తవ్వితే పాముకి ఇల్లు పోతుందే గానీ తిండి పోదు. ఇల్లు పోయి తిండి మిగిలిన పాము తిండి దగ్గరికే చేరుతుంది. అంటే కోళ్లగూడు దగ్గరికి, కొట్టు గోడ దగ్గరికి, వంటింటి గుమ్మం దగ్గరికి.

మందులు పెట్టబోయే ముందు

చాలామంది చేసే మొదటి పని మందు పెట్టడం. ఇక్కడ కాస్త ఆగాలి. బియ్యపు నూకలో నూనె, బ్రోమోడయోలిన్ మందు కలిపి పెట్టే ఎర పొలంలో పనికొస్తుంది. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరిగి తిరిగి చస్తుంది. అందుకే మిగతావాటికి అనుమానం రాదు. కానీ ఆ తిరిగే రోజుల్లో దాన్ని పట్టి తిన్న పిల్లికీ, గుడ్లగూబకీ కూడా ఆ విషం ఎక్కుతుంది. మన వైపు పనిచేసేవాళ్లని మనమే చంపుకున్నట్టు. పైగా ఇంటి చుట్టూ కోళ్లు, కుక్కలు, పాకే పిల్లలు ఉంటారు.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలైతే ఇంటి దరిదాపుల్లోకే రాకూడదు. తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. బొరియలో వేసిన వాయువు గోడ కింద నుంచి మనం పడుకున్న గదిలోకీ రావచ్చు. పాములు రాకుండా ఇంటి చుట్టూ ఫోరేట్ గుళికలు చల్లడం మా వైపు ఒకప్పుడు మామూలు. ఆ గుళికల మందుని మనదేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. ఏ మూలనో పాత డబ్బా మిగిలి ఉంటే దాన్ని పిల్లలకి అందనీయకండి.

మేం చేసినవన్నీ చిన్నచిన్న పనులే. కొట్టు గోడ కింద బొక్కలు గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్పించాం. తలుపు కింద సందుకి రేకు కొట్టించాం. పెన్సిలు దూరే సందులోంచి చుంచు దూరుతుంది, అది గుర్తుంటే చాలు. గడ్డిమేటునీ, డొక్కల గుట్టనీ ఇంటికి దూరంగా జరిపి, కింద ఇటుకల మీద కర్రలు పరిచి ఎత్తు చేశాం. కోళ్ల దాణా రాత్రిపూట గూట్లో ఉంచడం మానేశాం. గుడ్లు సాయంత్రమే తీసేస్తున్నాం. అంట్లు రాత్రే తోమేస్తున్నాం. ఇంటి దగ్గరున్న కొబ్బరిచెట్లకి, ఎలుకలు ఎక్కకుండా, మొదలుకి పైన నున్నటి రేకు చుట్టించాం. అప్పటికీ మిగిలిన పందికొక్కులకి తాటాకు బుట్టలు పెట్టించాం.

ఇవేవీ ఒక్కరోజులో అయిన పనులు కావు. ఇంట్లో అందరూ తలో చెయ్యీ వేస్తేనే అయ్యాయి. మూడు నెలల తరవాత మళ్లీ బొరియలు మూసి చూస్తే అయిదే తెరుచుకున్నాయి. ఎలుకలు అసలే లేని పల్లె ఉండదు. ఇంటి గోడ దాకా రాకపోతే చాలు.

పామంటే అన్నీ ఒకటి కాదు

మన చుట్టూ ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు. తాచుపాము, కట్లపాము, రక్తపింజర, మెట్టనేలల్లో తిరిగే ఇసుకపింజర. మనదేశంలో ఆసుపత్రుల్లో ఇచ్చే విషానికి విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి చేసిందే.

జెర్రిపోతుకి విషం లేదు. మనిషంత పొడుగుంటుంది, పరుగులాంటి నడక, అందుకే మనకి హడలు. అది తాచుపాముతో జతకడుతుందని ఊళ్లల్లో చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు. రెండు పాములు పెనవేసుకుని లేచి ఆడుతుంటే అవి చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులు, బలం చూసుకుంటున్నాయన్నమాట. ఎలుకల్ని తినడంలో దానికి మించింది లేదు. మా దొడ్లో ఒకటుంది. కనిపిస్తే మా చిన్నది, "అమ్మా, మన వాచ్‌మెన్ వెళ్తున్నాడు" అంటుంది. అలాగని దగ్గరికి వెళ్లదు. ఏ పామునైనా చూస్తే ఆగాలి, వెనక్కి నడవాలి, పెద్దవాళ్లని పిలవాలి. ఈ మూడు మాటలూ ఎక్కాల్లా నేర్పించాను.

ముంగిస ఉంటే పాములుండవనేది కూడా పూర్తి నిజం కాదు. తాచుపాము విషం దాని ఒంటి మీద మనమీద పనిచేసినంతగా పనిచేయదు, అంతవరకు నిజం. కానీ దాని రోజువారీ తిండి ఎలుకలు, పురుగులు, గుడ్లు. అదైనా, ఉడుమైనా, పామైనా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. చంపడం, పట్టి అమ్మడం నేరం. ఇంట్లో పాము దూరితే అటవీశాఖకో, వాళ్లకి తెలిసిన పాములు పట్టేవాళ్లకో కబురు చెయ్యడమే పద్ధతి.

వరద చెప్పిన నిజం

నేల కింద ఊరి జనాభా ఎంతో తెలియాలంటే వరద రావాలి. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 వరద తరవాత అంతటి నీళ్లు ఆ ఏడే. మాకు కిందుగా ఉన్న లంకలన్నీ మునిగాయి. మా దొడ్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బొరియల్లోకి నీళ్లు దిగితే లోపలివాళ్లంతా ఏం చేస్తారు? మెరక వెతుక్కుంటారు. మెరకంటే మా అరుగు, గడ్డిమేటు, కొబ్బరి మొదళ్లు.

గడ్డిమేటు మీద ఒక పక్క ఎలుకలు, ఇంకో పక్క తాచుపాము. ఆకలి మర్చిపోయి ఒకదాన్నొకటి చూసుకోకుండా కూర్చున్నాయి. మెట్ల మీద ఒక కట్లపాము చుట్టలు చుట్టుకుని ఉంది. పిల్లల్నీ, అత్తగారినీ డాబా మీదికి పంపించేశాం. దోమతెరలు కట్టి, అంచులు పరుపుల కిందికి దోపి పడుకోబెట్టాం. కిందికి దిగితే టార్చీ, కర్రా, బూట్లూ లేకుండా దిగలేదు. కర్ర కొట్టడానికి కాదు, ముందు నేల తట్టి చూసుకోవడానికి. మూడు రోజులకి నీళ్లు తీశాయి. వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయారు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. తలుపు కింద ఆ రేకు ముక్కే లేకపోతే ఆ కట్లపాము ఎక్కడ పడుకునేదో!

వరదల తరవాత పాముకాట్లు పెరగడం కొత్త కాదు. 2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో వరసగా పాముకాట్లు జరిగి జనం బెంబేలెత్తిపోయారు. మోపిదేవి ఆలయంలో సర్పశాంతి పూజలు కూడా చేయించారు. పూజ మనసుకి ధైర్యం. ప్రాణానికి మందు ఆసుపత్రిలోనే ఉంది.

ఒక లెక్క చెబుతాను. 2000 నుంచి 2019 దాకా మనదేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలని 2020లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఏడాదికి సగటున 58 వేలు. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ మరణాలు జరిగే ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కేసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ మరణాల్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది.

గింజ మాది, కాటు ఆమెది

2023 సార్వా కోతల్లో మా చేలో పనికొచ్చిన ఒకావిడ పన ఎత్తుతుంటే కింద రక్తపింజర ఉంది. చేతి మీద కాటు. చుట్టూ ఉన్నవాళ్లు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్దామన్నారు. ఇంకొకరు గుడ్డతో బిగించి కట్టబోయారు. మావారు కట్టనివ్వలేదు. చేతికున్న గాజులు తీసేసి, చెయ్యి కదలకుండా బద్దకి ఆనించి, ఆటోలో నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను పక్కనే కూర్చున్నాను. ఆవిడ దారంతా ఒకటే మాట, "మా బుడ్డోడు బడి నించి వచ్చేస్తాడండీ, తాళం నా కాడే ఉందండీ."

డాక్టరు ఆవిడ రక్తం కొంచెం గాజుగొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారు. మామూలుగా అయితే గడ్డకట్టాలి. కట్టలేదు. రక్తపింజర విషం చేసే పనే అది. వెంటనే విరుగుడు మందు పది సీసాలు ఎక్కించారు. ప్రాణం దక్కింది. కానీ మూత్రపిండాలకి దెబ్బ తగిలి నాలుగుసార్లు డయాలసిస్ చేయాల్సొచ్చింది. రెండు నెలలు పని లేదు. ఆ రెండు నెలల ఇంటి ఖర్చు మేం చూసుకున్నాం. అది దయ కాదు, బాధ్యత. ఆ చేను మాది, గట్టు మీద బొరియలు మా గింజ తిన్న ఎలుకలవి, వాటి కోసం వచ్చింది ఆ పాము. కాటు మాత్రం ఆమెది. పాముకాటుకి గురయ్యేవాళ్లలో ఎక్కువమంది ఇలా వట్టి కాళ్లతో, వట్టి చేతులతో చేలల్లో పనిచేసేవాళ్లే.

ఆ విరుగుడు మందు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ విషం సేకరించే పనిలో ముందున్నది తమిళనాడులో 1978లో మొదలైన ఇరుళ పాములు పట్టేవాళ్ల సహకార సంఘం. బొరియ అంచు చూసి లోపల ఏ పాముందో చెప్పగల ఆ గిరిజనుల్లో వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన నెల్లూరు, గుంటూరు, కృష్ణా పొలాల్లో పొగకుండతో ఎలుకలు పట్టే యానాదుల చదువూ అలాంటిదే. బడిలో నేర్పని చదువు. వాళ్లని చిన్నచూపు చూసే ముందు, మన గాదెలో మిగిలిన గింజలో వాళ్ల కష్టం ఎంతుందో ఆలోచించాలి.

గుర్తుంచుకోవలసినవి

కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగుడు పడకపోవడం కనిపిస్తే అజీర్తి అనుకుని వామునీళ్లు ఇస్తూ కూర్చోవద్దు. మంచం మీద, దోమతెర అంచులు దోపుకుని పడుకోవడం పెద్ద రక్షణ.

కాటు వేసినచోట కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, బిగించి కట్టకూడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసెయ్యాలి. కాటు పడ్డ చెయ్యో, కాలో కదలనివ్వకూడదు. మనిషిని నడిపించకూడదు. 108కి ఫోన్ చేయాలి, అది ఆలస్యమైతే దొరికిన బండిలో తీసుకెళ్లాలి. పాముని చంపి తీసుకెళ్లనక్కర్లేదు.

కట్టెల్లో, డొక్కల్లో, పిడకల్లో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. బొరియ అంచున కొత్త మట్టి పోగుంటే లోపల తవ్వేవాళ్లున్నారని గుర్తు. అంచు నున్నగా, కొత్తమట్టి లేకుండా ఉంటే ఇంకెవరో దిగి ఉండొచ్చు. ఏదైనా సరే, వేలు పెట్టి చూడకండి!

వానల్లో వట్టి కాళ్లతో బురదలో దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పాదాల పగుళ్లలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాన్ని తెస్తాయి. వంట్లో నొప్పులతో, కళ్లు ఎర్రబడి జ్వరమొస్తే డాక్టరుకి బురదలో తిరిగిన సంగతి కూడా చెప్పండి.

చవితి నాటి పాలు

పాము పాలు తాగదు. అది మాంసాహారి. పుట్టలో చెంబులకొద్దీ పాలు పోస్తే లోపలున్న ప్రాణులకి ఉక్కిరిబిక్కిరి తప్ప ఒరిగేదేమీ లేదు. ఈ మాట మా అత్తగారికి చెప్పడానికి నాకు ఒక ఏడాది పట్టింది. ఆవిడ విని, చాలాసేపు ఊరుకుని, "ఆ రోజు మట్టి తవ్వకూడదు, కూర తరగకూడదు అని మా అత్తగారు చెప్పేవారు. అది మాత్రం మంచిదే కదా?" అన్నారు.

మంచిదే మరి! ఏడాదికి ఒక్కరోజైనా నేల కింద ఉన్నవాళ్లని కదిలించకుండా ఉండాలని మన ఆడవాళ్లు పెట్టుకున్న నియమం అది. దాన్ని వదులుకోనక్కర్లేదు. ఇప్పుడు మా ఇంట్లో చెంబు పోయి ఉద్ధరిణె వచ్చింది. పుట్ట మొదట్లో నాలుగు చుక్కలు, పసుపూ కుంకుమా, చిమ్మిలి, చలిమిడి. పుట్టమన్ను పిల్లల చెవులకి రాయడం మామూలే.

మిగిలిన పాలూ, పాల కోసం విడిగా పెట్టిన డబ్బూ ఏం చేయాలన్నది మా అత్తగారే తేల్చారు. కిందటి చవితికి ఆ డబ్బుకి మేం కొంత కలిపి, కోతకొచ్చే పదకొండు మందికి మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, తోలు చేతితొడుగులు కొన్నాం. పన ఎత్తే ముందు తట్టి చూసుకోవడానికి ఒక్కొక్కరికి ఒక పొడుగు కర్ర. బూట్లు వేసుకుని బురదలో నడవడం చాతకాక మొదటిరోజు అందరూ ఒకరినొకరు చూసి ఒకటే నవ్వులు. పాము కరిచిన ఆవిడ కూడా వచ్చింది. అందరికన్నా ముందు తొడుగులు వేసుకుని, కర్రతో పనని రెండుసార్లు తట్టి, అప్పుడు వంగి ఎత్తింది.